గడప దాటిన సీసా

బూట్లన్నీ జతలుగా పేర్చాక గడపమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఒకసారి అటూ ఇటూ చూసుకుంది. బల్లకు ఇవతల చెప్పులు, అవతల రబ్బరు బూట్లు. ఇవతల మేకులకు పనివాళ్లు ఇంటి నుంచి వేసుకొచ్చిన చొక్కాలు, అవతల కొక్కేలకు మెడ నుంచి మడమల దాకా కప్పే తెల్లటి తొడుగులు. మధ్యలో ఈ గోడకూ ఆ గోడకూ అడ్డంగా పొడవాటి ఇనుప బల్ల. దాని కింద నేల మీద పసుపు గీత. సాయంత్రం షెడ్డులోంచి వచ్చినవాడు బల్ల మీద కూర్చోవాలి, బూట్లు అటే విడవాలి, కాళ్లు పైకెత్తి ఇటు తిప్పి దిగాలి. బూటు గీత దాటకూడదు. బొజ్జ ఉన్నవాళ్లకు ఈ విద్య అంత తేలిగ్గా పట్టుబడదు. ఆపసోపాలు పడుతుంటే గడపమ్మ చూస్తూ కూర్చుంటుందే తప్ప చెయ్యి అందించదు. అందిస్తే ఆ చెయ్యి కూడా కడుక్కోవాలి మరి.

అవతల జరిగే పని ఇదీ. పాతబడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు లారీల మీద వస్తాయి. వాటి కడుపులో చమురు ఉంటుంది. కొన్నిట్లో ఉండేది మామూలు చమురు కాదు. మామూలు మంటకు అంటుకోదు, ఏళ్లు గడిచినా చెడదు, నీళ్లలో పోస్తే తేలకుండా అడుక్కి దిగిపోతుంది. ఈ గుణాలు చూసే వెనకటి రోజుల్లో దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఒంట్లో చేరితే ఓ పట్టాన వదలదని, మట్టిలో పడితే తరాల తరబడి అలాగే ఉంటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు దాన్ని ఒక్క చుక్క ఒలక్కుండా తోడి, బిగుతు మూతల డ్రమ్ముల్లో పోసి, దానికోసమే కట్టిన పెద్ద కొలిమికి పంపుతారు. గడపమ్మకు ఆ తోడే పనితో సంబంధం లేదు. అక్కడిది ఏదీ బూటుకో గోటికో అంటుకుని బయటికి రాకుండా చూడటమే ఆమె ఉద్యోగం. రోజంతా ఆ బల్ల దగ్గరే ఉంటుంది కాబట్టి గడపమ్మ అయింది. అసలు పేరు జీతాలిచ్చే వాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పెళ్లి పత్రికలు పంచడానికి వచ్చినవాళ్లు కూడా గడపమ్మగారికి అనే రాసి ఇస్తారు.

అయితే ఈ పొద్దున బల్లకు ఇవతల, గుమ్మం పక్కన, మామూలుగా ఉండని వస్తువొకటి ఉంది. ప్లాస్టిక్ బకెట్టు. అందులో సగం దాకా రంపపు పొట్టు, పొట్టులో మెడ దాకా కూరుకుని గోధుమ రంగు గాజు సీసా, సీసాకు చెక్క బిరడా. ఇంటి నుంచి దాన్ని నడిచే తెచ్చింది. బస్సులో ఎవరి మీదైనా ఒలికితే ఏం గతి? దారి పొడుగునా బకెట్టును ఒంటికి దూరంగా పట్టుకుని నడిచేసరికి భుజం పీకుతోంది. అయినా ఆమె ముఖం పెళ్లివారి ముఖంలా ఉంది. ఈ సీసా బల్ల దాటితే చాలు. ఇవాళ మధ్యాహ్నం మనవరాలు తాతయ్య ఒళ్లో కూర్చుంటుంది.

ఆ తాతయ్య, అంటే గడపమ్మ భర్త, ఒకప్పుడు ఇదే ఆవరణలో మేస్త్రి. ఈ షెడ్డు కట్టకముందు ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే పనిశాల ఉండేది. గ్లౌజులు లేవు, మాస్కులు లేవు. చేతులకు పట్టిన జిడ్డు వదలడానికి అదే చమురుతో చేతులు రుద్దుకునేవాళ్లు. పైగా ఆ పనిశాల వాళ్లకు తప్ప లోకంలో ఇంకెవరికీ తట్టని వైద్యం ఒకటి వాళ్లు కనిపెట్టారు. ఆ చమురులో కర్పూరం కలిపి గోరువెచ్చగా కాచి మోకాళ్లకు పట్టిస్తే నొప్పులు చేత్తో తీసేసినట్టు పోతాయట. ఈ విషయంలో పనిశాల మొత్తం ఒక్క మాట మీద ఉండేది. ప్రతి ఇంట్లోనూ ఒక సీసా ఉండేది. ముసలివాళ్లకు రాసేవాళ్లు, తలుపు బందులకు రాసేవాళ్లు, తోటి మేస్త్రి ఒకాయనైతే జుట్టుకు కూడా రాసుకుని ముఖమంతా నల్లటి మొటిమలు తెచ్చుకున్నాడు.

పనిశాల మూసేసి షెడ్డు కట్టాక గడపమ్మకు ఇక్కడ పని దొరికింది. మొదటి రోజుల్లో పాఠం చెప్పడానికి ఒకావిడ వచ్చింది. పొద్దున ఒకే ఒక్క మనిషి గ్లౌజుకు ఏదో పొడి పూసి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా, అందర్నీ మామూలుగా తిరగనిచ్చింది. భోజనాలయ్యాక కిటికీలు మూయించి ఊదారంగు దీపం వెలిగించింది. తలుపు గడియ మెరిసింది. నీళ్ల కుండ మూత మెరిసింది. టీ గ్లాసులు మెరిశాయి. గడపమ్మ ఆ గ్లౌజు మనిషి దగ్గరికి కూడా పోలేదు, అయినా ఆమె గడ్డం మీద వేలెడంత మెరుపు కనిపించింది. చుట్టూ అందరూ నవ్వుతుంటే ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం పని నుంచి రాగానే మేస్త్రి గుమ్మంలోనే కూతుర్ని ఎత్తుకుని రెండు బుగ్గలూ పుణికేవాడు. ఆ బుగ్గలు ఆమె కళ్లలో మెదిలాయి. ఆ రోజు నుంచి గడపమ్మ మారిపోయింది.

ఇంట్లో యుద్ధం అప్పుడే మొదలైంది. ఆ మూడు సీసాల సంగతి చుట్టాలందరికీ తెలుసు. మొదటిది అటక మీద దొరికింది. అది ఖాళీ సీసా అన్నాడు మేస్త్రి, ఊపితే చప్పుడైంది. రెండోది పిండి డబ్బా వెనక దొరికింది. అది తలుపు బందులకన్నాడు. మూడోది గోడ గడియారం వెనక మేకుకు వేలాడుతూ దొరికింది. ఈసారి ఏమనాలో తోచక గడియారానికన్నాడు. మూడింటినీ ఆమె పొట్టు పోసిన బకెట్టులో పెట్టి షెడ్డుకు మోసింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఈ నాలుగోది కనిపించింది. దీన్ని ఆయన దాచలేదు. తన మంచం కింద పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు.

"ఇది ఆ చమురు కాదే. అది ఎప్పుడో మీ షెడ్డుకే ఇచ్చేశాను."

"నా ముందునుంచి పోకుండా ఎట్లా పోయిందండీ? బల్ల దగ్గర ఉండేది నేనే కదా!"

"నమ్మకపోతే మానెయ్."

అంతే. మేస్త్రి పట్టిన పట్టు వదిలే రకం కాదు, గడపమ్మ ఒకసారి దొరికిన దొంగను మళ్లీ నమ్మే రకం కాదు. ఆయన మోకాళ్లకు రాసుకున్న రోజున ఆమె వేరే గదిలో పడుకునేది. మోకాళ్లు రుద్దిపెట్టమంటే గ్లౌజులు తొడుక్కుని వచ్చేది. గ్లౌజులతో వద్దులే పో అని ఆయన అటు తిరిగి పడుకునేవాడు. అన్నిటికన్నా ఆమెకు ఒళ్లు మండేది ఆ బిరడా తీసే తీరు చూసి. సీసాను ఒక చేత్తో పట్టుకుని బిరడాను పళ్లతో పీకేవాడు. విషాన్ని పళ్లతో పీకుతారా అని ఆమె నెత్తీ నోరూ బాదుకుంటే, తలుపు సందులోంచి చూసి ఇంకాస్త గట్టిగా కొరికేవాడు.

ఇలా ఎన్నేళ్లైనా గడిచిపోయేవే. కాని కూతురికి పాప పుట్టింది. కూతురు అదే ఊళ్లో కాస్త దూరంగా ఉంటుంది. చిన్నప్పటి నుంచి తల్లి చెవిన ఇల్లు కట్టుకుని పోరిన పాఠాలే కదా, పాప పుట్టగానే అన్నీ గుర్తొచ్చాయి. "నాన్నా, ఆ సీసా ఇంట్లో ఉన్నన్నాళ్లూ పాపను తీసుకురాను. తెచ్చినా మీ ఒళ్లో వెయ్యను. ఏమీ అనుకోకండి," అంది.  నిజం చెబితే నమ్మని వాళ్లకు నేనెందుకు ఇవ్వాలి అని మేస్త్రి గోడతో అన్నాడు. పాప బోర్లా పడింది. పాకడం మొదలుపెట్టింది. ఆ ముచ్చట్లన్నీ ఆయన ఫోనులో బొమ్మగానే చూశాడు.

ఈ పొద్దున గడపమ్మ లేచి చూసేసరికి ఆమె భోజనం క్యారేజీ పక్కన ఈ సీసా నిలబెట్టి ఉంది. మేస్త్రి కిటికీలోకి చూస్తున్నాడు.

"తీసుకుపో. పిల్లను తీసుకురమ్మని చెప్పు."

"ఇంకెక్కడా లేదు కదా?"

ఆయన ఆమె వైపు చాలాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "లేదే," అన్నాడు. పొద్దున్నే ముఖం కొంచెం పాలిపోయినట్టుందని ఆమె అనుకుంది గాని, సీసా దొరికిన సంబరంలో అడగడం మరిచిపోయింది.

పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి తొడుగులు వేసుకుని అవతలికి దిగారు. చివర్లో వచ్చిన బండోడు బకెట్టు చూసి ఆగాడు. ఒడ్డూ పొడుగూ చూసి పెట్టిన పేరు అది. మనిషి మాత్రం మెత్తన.

"ఏంటి పెద్దమ్మా, మమ్మల్ని ఒక మేకు కూడా బయటికి తీసుకుపోనివ్వవు. నువ్వేమో ఇంటి నుంచి సామాను మోసుకొస్తున్నావు?"

"నీ నోరు ముందు బల్ల దాటించు. నిన్న ఆ పింగాణీ ముక్క ఎక్కడ పెట్టావు?"

 ట్రాన్స్‌ఫార్మర్ నెత్తి మీద ఉండే పింగాణీ గొట్టం ఒకటి, అంచులు పువ్వులా విచ్చుకున్నది, బండోడి మనసు దోచింది. దాంట్లో పూలు పెట్టుకుంటుందని పెళ్లాం కోసం నిన్న తొడుగు చేతిలో దూర్చుకుని రాబోయాడు. గడపమ్మ వాడి నడక చూసే పట్టేసింది. పింగాణీకి ఏం అంటుతుంది పెద్దమ్మా అని వాడు, పగుళ్లు నీ కళ్లకు కనిపిస్తాయా అని ఈమె.

"డ్రమ్ములో వేశాలే," అన్నాడు.

"మంచి పని చేశావు. మీ ఆవిడకు ఒక గాజు గ్లాసు కొనిపెట్టు. చక్కగా కనిపిస్తుంది."

షెడ్డు చూసుకునే ఇన్‌చార్జి అమ్మాయి వచ్చింది. అమ్మాయి అనడమే గాని ఇద్దరు పిల్లల తల్లి. ఇళ్లలో మిగిలిపోయిన పాత చమురు తెచ్చిస్తే తీసుకోవడం షెడ్డుకు కొత్త కాదు. ఆమె అవతలి వైపు గ్లౌజులతో నిలబడి చేతులు చాచింది. గడపమ్మ పొట్టులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది, గ్లౌజుల చేతులు దాన్ని అటు తీసుకుని లోతు ట్రేలో నిలబెట్టాయి. క్షణం పని. గడపమ్మకు గుండెల మీదనుంచి బండరాయి దించినట్టయింది.

"లారీ దింపుకున్నాక పరీక్ష చేస్తాను పెద్దమ్మా. ఏ డ్రమ్ములో పొయ్యాలో తెలియాలి కదా."

"నీ వీలు చూసుకునే చెయ్యమ్మా. అది బల్ల దాటింది, అదే చాలు."

ఆమె చేతులు మోచేతుల దాకా కడుక్కుని, బకెట్టును అవతలికే వదిలేసి, కూతురికి ఫోను చేసింది. "వెళ్లిపోయిందమ్మా. నా కళ్లతో చూశాను."  "పాపకు స్నానం చేయించి బయల్దేరతాను. నాన్నకు నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది కూతురు. నువ్వే చెప్పు అంది గడపమ్మ. ఫోను పెట్టేశాక బల్లను తడిగుడ్డతో తుడిచింది. తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది.

లారీ వచ్చింది. మధ్యాహ్నం దాకా అవతల గొలుసుల చప్పుడు, పంపు మూలుగు, ఇన్‌చార్జి కేకలు. పనివాళ్లు భోజనానికి వచ్చి వెళ్లారు. గడపమ్మ వాళ్ల గోళ్లు చూసింది, మడమలు చూసింది, ఒకడి చెవి వెనక మరక చూసి వెనక్కి పంపి కడిగించింది. వాడు గొణుక్కుంటూ వెళ్లాడు. అటువంటి గొణుగుళ్లు ఆమెకు తుమ్ములతో సమానం.

ఎండ గోడ దిగుతుండగా ఇన్‌చార్జి పరీక్ష బల్ల ముందు కూర్చుంది. ఆ బల్ల గడపమ్మకు కనిపించే దూరంలోనే ఉంటుంది. ముందు గాజు గిన్నెలో నీళ్లు పోసి, సీసాలోంచి ఒక చుక్క వేసింది. చుక్క మునగలేదు. నీళ్ల మీద గుండ్రంగా పరుచుకుని తేలింది. తేలినంత మాత్రాన మంచిదని కాదు, మామూలు చమురులో కాస్త విషం కలిసినా తేలుతుంది. అందుకని గొట్టంలో పోసి మందు కలిపి ఊపింది. పసుపు వస్తే విషం, వంకాయ రంగు వస్తే శుభ్రం. నిగనిగలాడే వంకాయ రంగు వచ్చింది. ఆమె ఇంకో గొట్టం తీసి మళ్లీ చేసింది. తర్వాత లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, ఇందులో ఏమీ లేదు. ఇది వంటనూనె. కర్పూరం కలిపారు, అంతే."

"సరిగ్గా చూడమ్మా."

"రెండుసార్లు చూశాను."

 గడపమ్మ బల్ల మీద కూర్చుంది. ఆమెకు ముందు తట్టింది ఒక్కటే. మళ్లీ మోసం చేశాడు. వంటనూనె సీసా తన చేతిలో పెట్టి, అసలుది ఇంట్లో ఎక్కడో దాచాడు. ఈ పాటికి కూతురు వచ్చి ఉంటుంది. పాప ఆ చేతుల్లో ఉంటుంది. ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎవరూ ఎత్తలేదు.

"నేను వెళ్తానమ్మా. కాస్త బల్ల దగ్గర ఎవరినైనా ఉండమను," అని ఇన్‌చార్జి జవాబు కూడా వినకుండా చెప్పులు తొడుక్కుంది.

గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన పనిశాల రోజుల నాటి మనిషి. ఆమె పరుగులాంటి నడక చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఎవరికేమైంది?"

"మీ స్నేహితుడికే. నన్ను మళ్లీ వెర్రిదాన్ని చేశాడన్నయ్యా. వంటనూనె నా చేతికిచ్చి అసలు చమురు ఇంట్లో పెట్టుకున్నాడు."

"మేస్త్రి సీసానా? అది ఎప్పుడో ఇచ్చేశాడుగా."

గడపమ్మ ఆగిపోయింది.

"షెడ్డు తెరిచిన కొత్తలో ఇక్కడ గేటు పక్కన నీలం డ్రమ్ము పెట్టారు, గుర్తుందా? ఇళ్లల్లో ఉన్నది తెచ్చి పొయ్యమని. నువ్వు లోపల నీ బల్ల దగ్గర ఉన్నావు. సీసా సంచిలో పెట్టుకుని వచ్చాడు. పోశాడు, సీసా కూడా అందులోనే వేశాడు. పిల్ల బుగ్గలు గుర్తొచ్చాయిరా అన్నాడు. అప్పటికి మీ పిల్ల బడికి పోతోంది. ఎందుకన్నాడో మరి నాకు తెలియదు. కళ్లు తుడుచుకున్నాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పొద్దన్నాడు. మా ఆవిడ గెలిచానని వీధంతా చాటుతుంది, ఇంట్లో నా పరువు పోతుందిరా అన్నాడు. మాటిచ్చాను." పెద్దాయన మెడ గోక్కున్నాడు. "నువ్వు అడిగితే చెప్పేవాణ్నే చెల్లెమ్మా. ఎప్పుడూ అడగలేదు కదా."

గేటు బయట రోడ్డు పక్కన గడపమ్మ నిలబడిపోయింది. వంటనూనె! డబ్బా నెల తిరక్కముందే అడుగంటిపోతుంటే కొట్టువాడు తూకంలో మోసం చేస్తున్నాడని వాడితో ఎన్నిసార్లు తగువు పెట్టుకుంది! ఆ పళ్లతో పీకడం! విషమని తెలిసినవాడు ఎవడైనా పళ్లతో పీకుతాడా? ప్రపంచంలో ప్రతివాడి గోరూ చూసి మరక పట్టే తనకు, ఇంట్లో కళ్లెదుట జరిగేది అర్థం కాలేదు. ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వుతుండగానే కళ్ల వెంట నీళ్లు కారాయి. దారిన పోయేవాళ్లు చూశారు, చూస్తే చూడనీ అనుకుంది. గ్లౌజులతో వద్దులే పో అని అటు తిరిగి పడుకున్న వీపు గుర్తొచ్చింది. పాప పాకడం మొదలుపెట్టిన బొమ్మను ఫోనులో పెద్దది చేసి చూసుకున్న వేలు గుర్తొచ్చింది. నిజం చెబుతున్న మనిషిని ఇన్నాళ్లు దోషిలా నిలబెట్టింది. ఆయన మొండితనం ఆయనకుంటే ఉండనీ, తను ఒక్కసారి, ఒకే ఒక్క చుక్క నీళ్లలో వేసి చూస్తే సరిపోయేది.

మళ్లీ ఫోను చేయలేదు. ఈ మాట ఫోనులో చెప్పేది కాదు. ఎదురుగా నిలబడి చెప్పాలి. ఓడిపోయానండీ అని చెబుతుంటే ఆయన మీసాల చాటున ఎట్లా నవ్వుతాడో చూడాలి. ఆ నవ్వు ఇక ఊరుకోదు. రేపటి నుంచి లేస్తే ఎగతాళి, కూర్చుంటే ఎగతాళి. చేసుకోనీ. దారిలో కొట్టు దగ్గర ఆగి కర్పూరం కొన్నది.

మెట్లెక్కేసరికి కూతురు గుమ్మంలోనే నోటి మీద వేలు పెట్టుకుని కనిపించింది. లోపల గోడవారగా పరుపు మీద పాప పిడికిళ్లు బిగించి నిద్రపోతోంది. కిటికీ దగ్గర పడక కుర్చీలో మేస్త్రి, కాళ్లు ముందున్న పీట మీద చాపుకుని, తల ఒక పక్కకు వాల్చి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పండుటాకులాంటి చేతులు ఒళ్లో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గోళ్లు మొదళ్ల దాకా కత్తిరించి ఉన్నాయి.

"ఫోను మోగితే పాప లేస్తుందని చప్పుడు తీసేశానమ్మా," అంది కూతురు గుసగుసగా. "నేను వచ్చేసరికే తలస్నానం చేసి కూర్చున్నారు. నా ముందు మళ్లీ సబ్బుతో చేతులు కడుక్కున్నారు. చూసుకోవే, మీ అమ్మకన్నా శుభ్రంగా కడిగాను అన్నారు. పాప మీసం పట్టుకుని వదల్లేదు. మధ్యాహ్నమంతా ఒళ్లోనే. చేతులు నొప్పి పుడతాయి ఇవ్వండి నాన్నా అంటే ఇవ్వలేదు. చివరికి ఇందాకే, కాస్త అలసటగా ఉందే అని ఇచ్చి కళ్లు మూశారు."

"పడుకోనీ. నువ్వు టీ పెట్టు."

గడపమ్మ గరిటెలో నూనె పోసి, కర్పూరం నలిపి వేసి, పొయ్యి మీద గోరువెచ్చగా చేసి తెచ్చింది. పీట పక్కన నేల మీద కూర్చుంది. ఆయన పైజామా మోకాళ్ల పైకి మడిచింది. రెండు ముడుచుకుపోయిన పాత మోకాళ్లు. వాటిని ఇంత దగ్గరగా చూసి ఎన్నాళ్లయింది! నూనె ఉత్త అరచేతిలో పోసుకుని కుడి మోకాలికి పట్టించింది. గ్లౌజు లేకుండా ఆయన చర్మం ఆమె చేతికి కొత్తగా తగిలింది.

"ఏవండీ, మీరు చెప్పింది నిజమే," అంది మెల్లగా. "నీళ్లలో తేలింది. వంకాయ రంగు వచ్చింది. మీ స్నేహితుడు కూడా చెప్పాడు, గేటు దగ్గర మీరు పోసింది. నేనే నమ్మలేదు. తప్పు నాదే. లేచి నవ్వండి, ఏమీ అనను."

ఆయన నవ్వలేదు. నిద్ర నటిస్తున్నాడనుకుంది. ఇంకొంచెం చెప్పించుకుందామని చూస్తున్నాడు గడుసువాడు అనుకుంది. మోకాలు చిప్ప చుట్టూ బొటనవేలితో గుండ్రంగా రుద్దింది. నూనె వెచ్చగానే ఉంది. ఆమె చేతులు వెచ్చగానే ఉన్నాయి. రుద్దేకొద్దీ ఆ మోకాలు మాత్రం వేడెక్కలేదు.

ఆమె చెయ్యి ఆగింది. ముఖంలోకి చూసింది. తర్వాత ఎడమ మోకాలికి కూడా నూనె పోసి, ఏమీ వదలకుండా, పైనుంచి కింది దాకా నెమ్మదిగా పట్టించింది. పైజామా కిందికి దించి సర్దింది. అప్పుడు కూతుర్ని పిలిచింది. పాప లేవకుండా, మెల్లగానే పిలిచింది.

గుండె ఆగిపోయిందని, ఏ బాధా తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. గేటు పెద్దాయన వచ్చి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బండోడు ఎవరూ అడక్కుండానే నీళ్లు మోశాడు, కుర్చీలు మోశాడు.

గడపమ్మ మళ్లీ పనికి వచ్చిన రోజు బూట్లన్నీ ఎవరో జతలు తప్పించి పెట్టి ఉన్నాయి. తిట్టుకుంటూ సర్దింది. తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికినందుకు ప్రాణం కాస్త కుదుటపడింది. సాయంత్రం అందరూ దిగి వెళ్లిపోయాక ఇన్‌చార్జి అవతలి వైపు వచ్చి నిలబడింది.

"రేపు డ్రమ్ములు వెళ్తాయి పెద్దమ్మా. మేస్త్రిగారి సీసా ఇంకా ఇక్కడే ఉంది. మీరు వచ్చేదాకా ఆపాను."

గడపమ్మ తలెత్తి చూసింది. అవతలి గోడకు ఉన్న ఇనుప అర మీద, ట్రేలో, సీసా నిలబడి ఉంది.

"లోపలిది మంచిదే గాని, సీసా ఇటు వచ్చేసింది. ఈ గ్లౌజులతోనే పట్టుకున్నాను," అంది ఇన్‌చార్జి. "గాజు కాబట్టి సీసా వరకైతే కడిగి, మళ్లీ పరీక్ష చేసి మీకు ఇవ్వగలను. బిరడా మాత్రం..."

"చెక్క కదమ్మా. పీల్చుకుంటుంది. నాకు తెలుసు."

 గడపమ్మ బల్ల మీద చెయ్యి ఆనించి వంగి చూసింది. ఆమె చెయ్యి చాస్తే అందేటంత దూరం. చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఎదురుగా ఉన్న ఆ ఒక్కామె కూడా అప్పుడే పక్కకు తిరిగి గ్లౌజు వేళ్లు సరిచేసుకుంటోంది.

"ఉత్త సీసా నేనేం చేసుకుంటానమ్మా," అంది గడపమ్మ చివరికి. "రెండూ కలిపే పంపించెయ్."

ఆమె చేతులు కడుక్కుని, చెప్పులు తొడుక్కుని, అలవాటు ప్రకారం దీపం తీసే ముందు ఒకసారి అటూ ఇటూ చూసుకుంది. బల్లకు అవతల, అర మీద, గోధుమ రంగు సీసా మెడలో చెక్క బిరడా వంకరగా కూర్చుని ఉంది, దాని అంచున ఒకవైపు ఆయన పళ్ల గుర్తులు.